గడప దాటిన రెండు పెట్టెలు

మాల్యాద్రి అని, ఇక్కడే మా మొగిలిపాలెంలోనే, గురవమ్మ మనవడు. అమ్మా నాయనా చిన్నప్పుడే పోతే గురవమ్మే సాకింది. గురవమ్మ నాకు వరసకి తోడికోడలు. పెద్దదాన్ని నేను. అయినా ఆ పిల్లోడి నిశ్చితార్థంలో అందరికీ ఇచ్చినాక నా చేతికిచ్చింది తాంబూలం, అందులో అరటిపండు కూడా లేదు. సరే, ఆ సంగతి వదిలెయ్. రాసుకునే నాయనా, నువ్వు రాసేది నేను చదవలేను గానీ నేను చెప్పింది చెప్పినట్టు రాయి, సొంతంగా ఏమీ కలపమాక. ఆ మాల్యాద్రికి నేరేళ్ళపాడు వీరరాఘవులు కూతురు వెంగమాంబని ఖాయం చేశారు. పిల్లా పిల్లోడూ ఇద్దరూ టౌన్లో ఒకే కాలేజీలో చదువుతున్నారనుకో. రోజూ కనపడతానే ఉంటారు, ఇంక వాళ్ళకి తొందరేముంది. గురవమ్మ అప్పుడే గట్టిగా చెప్పింది, మావాడికి ఉద్యోగం వచ్చినాకే పెళ్ళి, ఉద్యోగం లేనోడికి పెళ్ళాం ఎందుకు, కూడు ఎవరు పెడతారు అని. వీరరాఘవులు మంచోడు, నోరు లేనోడు, సరే అత్తా అన్నాడు. వాళ్ళిద్దర్నీ మాత్రం ఎవరూ అడగలేదు. అడిగే అలవాటు మాకు లేదు.

ఏమైందంటే, చదువు అయిపోయింది. పట్టాలు చేతికొచ్చినయ్, హాస్టలు ఖాళీ చెయ్యమన్నారు. ఇంక ఎవరి ఊరికి వాళ్ళు పోవాల. పోతే మళ్ళా చూసుకునేది ఎప్పుడంటే ఉద్యోగం వచ్చినప్పుడు. ఉద్యోగం ఎప్పుడొస్తదంటే ఆ మాలకొండ సామికే తెలియాల. మా కాడ పెళ్ళికి ముందు అల్లుడు అత్తారింటి గడప తొక్కకూడదు, పిల్ల అసలే తొక్కకూడదు. ఇద్దరూ ఒకే బస్సెక్కారంట. ఇద్దరియీ ఆకుపచ్చ రేకు పెట్టెలే, ఒకే కొట్లో కొన్నయ్యే, బస్సు మీద పక్కపక్కనే పెట్టారు. మా ఊరు ముందొస్తది. మాల్యాద్రి దిగాడు, పెట్టె దింపుకున్నాడు, నెత్తిన పెట్టుకొని ఇంటికొచ్చాడు, గడప దాటి దేవుడి గూటి కింద పెట్టాడు. అన్నం తిన్నాడు. తిని, చెయ్యి కడుక్కొని, అప్పుడు అన్నాడంట, "నాయనమ్మా, ఇది నా పెట్టె కాదే. నా దాని మూత మీద సొట్ట ఉంటది" అని.

గురవమ్మ నెత్తిన పిడుగు పడ్డట్టయింది. ఎందుకో మీకు తెలీదు, ఈ కాలం వాళ్ళు మీరు. పెట్టె గడప దాటితే మనిషి దాటినట్టే, అది మా పద్ధతి. కాబోయే కోడలి పెట్టె అత్తారింట్లోకి వచ్చిందంటే వచ్చినట్టే, మళ్ళా బయటికి పోయిందంటే ఆ పిల్లని వదిలేసినట్టు. మగోడి పెట్టె మామగారింట్లో దిగిందంటే ఇల్లరికం. తిరిగి తెప్పించుకున్నాడంటే, మీ పిల్ల నాకొద్దు అని చెప్పినట్టు. తాళి కట్టినాక అయితే ఏ పెట్టె ఎటు పోయినా తప్పు లేదు. గురవమ్మ నా కాడికి పరిగెత్తుకొచ్చింది. తాంబూలమప్పుడు గుర్తు రాలేదు గానీ, ఇప్పుడు అక్కా అంటా వచ్చింది. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పా. తెల్లారేసరికి వీరరాఘవులు కూడా వచ్చి మా అరుగు మీద కూలబడ్డాడు. "అత్తా, అల్లుడి పెట్టె మా ఇంట్లో దిగింది. మా ఆవిడ పసుపు కుంకం కూడా పెట్టింది. ఇప్పుడు నేనేం చెయ్యాల" అన్నాడు. "మా వాడు ఇల్లరికం రాడు" అని గురవమ్మ. "రమ్మని నేనన్నానా" అని వీరరాఘవులు. "పసుపెందుకు పెట్టారు మరి" అని ఈమె. "మా పిల్లదనుకొని పెట్టాం అత్తా" అని ఆయన. ఇంక చూడు, ఊరంతా వచ్చింది. ఒకడేమో గడప దాటించకుండా గోడ పగలగొట్టి తీద్దామన్నాడు. గోడ నీ బాబు కడతాడా అంది గురవమ్మ. ఇంకొకడు, ఇద్దరూ ఒకేసారి పంపించుకోండి, వాగు కాడ మార్చుకోండి అన్నాడు. బాగానే ఉంది, ముందు ఏ పెట్టె గడప దాటిందో ఎవరు చూడాల. ముందు దాటించినోళ్ళు సంబంధం చెడగొట్టినోళ్ళు అయితారు గదా. ఇద్దరూ ఇంటి కాడే కూర్చున్నారు, నువ్వు ముందంటే నువ్వు ముందని.

పెట్టెలో ఉన్న పట్టా మటుకు తీసి పంపొచ్చు గదా అంటావేమో. నేనూ అన్నా. నీ తాళంచెవి ఏదిరా అంటే మాల్యాద్రి బస్సులో పడిపోయింది అన్నాడు. అక్కడ ఆ పిల్లా అదే మాట అన్నదంట, బస్సులోనే పడిపోయిందని. తాళం పగలగొట్టమంటే వీరరాఘవులు చెవులు మూసుకున్నాడు, కాబోయే అల్లుడి పెట్టె పగలగొట్టిన మామ అని పేరు తెచ్చుకుంటానా అన్నాడు. పిల్లోడికి కట్టుకోను గుడ్డ లేదు. వాళ్ళ తాత పంచె, తాత చొక్కా ఏసుకొని, ఆ చొక్కాలో ఇద్దరు పడతారు, వీధిలో తిరగతా ఉంటే కుక్కలు కూడా గుర్తుపట్టక మొరిగినయ్. అక్కడ వెంగమాంబ వాళ్ళమ్మ చీరల్లో తిరగతంది. ఇట్టా ఉంటే యాడో ఉద్యోగాలు పడ్డయ్యంట, పట్టా చూపియ్యాలంట. గురవమ్మ మళ్ళా నా అరుగు మీదికొచ్చి తల పట్టుకుంది.

"అక్కా, నాకు బుర్ర తిరగతంది. పెళ్ళి ఎప్పుడంటే ఉద్యోగం వచ్చినాక. ఉద్యోగం ఎప్పుడంటే పట్టా చూపిస్తే. పట్టా యాడుందంటే పెట్టెలో. పెట్టె యాడుందంటే వాళ్ళింట్లో. పెట్టె ఎప్పుడొస్తదంటే పెళ్ళయినాక. పెళ్ళి ఎప్పుడంటే..." అని ఆగిపోయింది. మళ్ళా మొదట్నించి చెప్పుకుంది. ఎటు నించి చెప్పుకున్నా పెళ్ళి కాడికే వచ్చి ఆగతంది. ఎనక నించి చెప్పి చూసింది, అప్పుడూ అంతే. మాల్యాద్రి గుంజ కాడ నిలబడి ఆ తాత పంచె ఎగదోసుకుంటా ఏమీ ఎరగనట్టు ఆకాశం కేసి చూస్తన్నాడు. "ఏందిరా అట్టా నిలబడ్డావు, ఏదో ఒకటి చెప్పు, పదిహేనేళ్ళు చదివావు గదా" అంటే, "నీ మాట నేనెప్పుడన్నా కాదన్నానా నాయనమ్మా, నువ్వు ఉద్యోగం వచ్చినాకే అన్నావు, అట్టాగే కానియ్" అన్నాడు. అంత బుద్ధిమంతుడు. ఆ మాటతో గురవమ్మకి ఇంకా మండింది. "ఉద్యోగం లేదు ఏమీ లేదు, ఆషాఢం రాకముందే తాళి కట్టు, ఆ పెట్టె నా ఇంటికి రావాల" అంది.

పెళ్ళయింది. మాల్యాద్రి పెట్టె వాళ్ళింట్లో నించి పెళ్ళి బండిలోనే వచ్చింది, ఎవరికీ తప్పు లేదు. కోడలు కుడికాలు పెట్టి లోపలికొచ్చింది. పొద్దుగూకుతంది. గురవమ్మ, "అమ్మా వెంగమాంబా, నీ పెట్టె నీకంటే ముందే వచ్చి కూర్చుంది. ఆ తాళం పగలగొట్టించి మంచి చీర కట్టుకొని దీపం పెట్టు" అని సుత్తి కోసం ఎతకతంది. నేను ఆడనే ఉన్నా, కళ్ళారా చూశా. వెంగమాంబ మొగుడి కేసి చూసింది. వాడు ఏదో ధ్యాసలో ఉండి మొలతాడుకి చెయ్యి పోనిచ్చి ఒక తాళంచెవి తీసి ఆ పిల్ల చేతిలో పెట్టాడు. తాళం టక్కున వచ్చింది. గురవమ్మ సుత్తి పట్టుకొని అట్టాగే నిలబడిపోయింది.

"ఒరే, ఆ పిల్ల తాళంచెవి నీ మొలకెట్టా వచ్చిందిరా" అంది.

"అదే నాకూ తెలియటంలా నాయనమ్మా" అన్నాడు.

వెంగమాంబ తలకాయ పెట్టెలో పెట్టేసి, "నాయనమ్మా, దీపానికి నూనె యాడుందో చెప్తావా" అంది.

గురవమ్మ వాణ్ణి చూసింది, పిల్లని చూసింది, నన్ను చూసింది. నన్నెందుకు చూడాలో నాకు తెలీదు. పద్ధతి అడిగింది, పద్ధతి చెప్పా. బస్సు మీద నించి ఎవరి పెట్టె ఎవరు దింపారో నన్నడిగితే నేనేం చెప్పను, నేను ఆ బస్సు ఎక్కలా. మూత మీద సొట్టేమో దింపేటప్పుడు కనపడదు, అన్నం తిన్నాక కనపడిద్ది. ఇప్పటికీ గురవమ్మ అప్పుడప్పుడూ అరుగు మీద కూర్చొని వేళ్ళు మడుస్తా, పెళ్ళి, ఉద్యోగం, పట్టా, పెట్టె అని లెక్క చూసుకుంటది, యాడ మోసపోయిందో దొరకదు. నాకు దొరికింది. చెప్పను. పెళ్ళిలో కూడా నా తాంబూలంలో అరటిపండు లేదు. అది కూడా రాసుకో.