కూతురి ఇంటి మెట్లు

అత్తగారిని వెతికి తెచ్చి గదిలో పడుకోబెట్టి, కోడలు వంటింటి గడప మీద కూలబడింది. కబురందిన ఆడపడుచు కొత్త కాలనీ నుంచి పరుగున వచ్చింది.

"అమ్మ గుమ్మం దాటుతుంటే నీ కళ్లెక్కడున్నాయి?"

"మతిమరుపు వచ్చినప్పటి నుంచీ రోజూ దాటుతూనే ఉన్నారు వదినా. మందులకొట్టాయనో, టైలరో చెయ్యి పట్టుకుని తెచ్చి దింపేవాళ్లు."

"మరి ఇవాళ వాళ్లకేమైంది?"

"ఇంకా ఎక్కడున్నారు వాళ్లు? కోట చూడ్డానికొచ్చే టూరిస్టుల కోసం వీధంతా హోటళ్లే అయిపోయె. పనివాళ్లంతా కొత్తమొహాలు. ఆవిడెవరో ఎవరికి తెలుసు?"

"ఎక్కడ దొరికింది?"

"హోటల్‌కి అమ్మేశారే, ఆ మీ పాతింటి దగ్గరే. కూతురిల్లనుకుని తిన్నగా లోపలికెళ్తే వాచ్‌మన్ బయటికి పంపేశాడట. మెట్ల మీద కూర్చుని మిమ్మల్నే పిలుస్తున్నారు. జనం చుట్టూ మూగి ఫొటోలు తీస్తున్నారు."

ఆడపడుచు చివాలున తలెత్తింది.

"మేమొక్కళ్లమే అమ్మామా?"

"మిమ్మల్ని అనట్లేదు. మీ తమ్ముడూ పైవాటా టూరిస్టులకే ఇద్దామంటున్నారు."

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను? ఇరుగూపొరుగూ లేనిచోట నేనొక్కదాన్నీ ఎన్నాళ్లని కాపలా కాయను?"

ఇంతలో గదిలోంచి అత్తగారు మెల్లగా బయటికొచ్చింది. "అమ్మాయింటికి వెళ్లొస్తానే" అంటూ గుమ్మం వైపు నడిచింది.

ఆడపడుచు గబుక్కున ఎదురెళ్లి, వీధితలుపు గడియ వేసి, తల్లి రెండు చేతులూ పట్టుకుంది.

"నేనిక్కడే ఉన్నానమ్మా."

ముసలావిడ ఆమె మొహంలోకి పరీక్షగా చూసి, మర్యాదగా నవ్వింది.

"ఏ ఊరినుంచి వచ్చారమ్మా? కోట చూశారా?"