సమర్‌కంద్‌కు పై బెర్తు

అల్మాటీలో ఒక వంటగది. ముప్ఫయ్యేళ్ళు రైలుపెట్టెలో ప్రయాణికులకు టీలు, దుప్పట్లు అందించి రిటైరైన భార్య సంచి సర్దుకుంటోంది. భర్త కిటికీ దగ్గర కూర్చున్నాడు.

"తాష్కెంట్, సమర్‌కంద్, బుఖారా, ఖీవా. అన్నీ రైల్లోనే. నువ్వూ రారాదూ, ముసలాయనా."

"అవన్నీ నువ్వు వందసార్లు చూసిన ఊళ్ళేగా."

"ప్లాట్‌ఫారాలు చూశాను. రైలు ఆగితే తలుపు దగ్గర నిలబడాలి, కదిలితే టీ పెట్టాలి. సమర్‌కంద్‌లో స్టేషను గేటైనా దాటలేదు."

"ఇప్పుడూ అంతే. ఎవరి గ్లాసు ఖాళీ అయినా లేచి కడుగుతావు."

"అందుకే నువ్వు రావాలి, నన్ను కూర్చోబెట్టడానికి."

"నాకు రైల్లో నిద్రపట్టదని ఎన్నిసార్లు చెప్పాలే?"

"సరే, ఒక్కదాన్నే పోతాను. బయల్దేరే ముందు ఆనవాయితీగా కాసేపు కూర్చుందాం. అదేంటి, చల్లటి నేలమీద వట్టికాళ్ళతో ఉన్నావు? ఇంటి చెప్పులేవి?"

"ఉన్నాయిలే."

"ఎక్కడ? నేను లేనప్పుడు జలుబు తెచ్చుకుంటే ఎవరు చూస్తారు?"

"నీ సంచిలో ఉన్నాయి."

"నా సంచిలోనా?"

"అడుగున. నువ్వు సర్దడం మొదలెట్టకముందే పెట్టాను. బూట్లతో బెర్తెక్కేవాణ్ణి చూస్తే ఒళ్ళు మండుతుందని నువ్వేగా అనేదానివి."

"టిక్కెట్టో?"

"నిన్ననే కొన్నాను. నీ నెత్తిమీదే, పై బెర్తు."

"నిద్రపట్టదన్నావు?"

"పట్టదు. ఊరికే కూర్చోలేను కదా, టీలు నేను తెస్తాను."

ఆనవాయితీ ప్రకారం ఇద్దరూ కాసేపు కూర్చున్నారు. ముందు ఆమే లేచింది.

"నాకు చక్కెర రెండు ముక్కలు. గ్లాసు మాత్రం తళతళలాడాలి."