నీళ్లకి మూరెడు కింద

సభకు అధ్యక్షత వహించిన సత్యనారాయణమూర్తి గారికి, ఏలూరు పెద్దలకు, ముందు వరసలో కూర్చున్న ఆఫీసరు గారి సతీమణి, మా అమ్మగారు జ్ఞానప్రసూనాంబ గారికి, తలుపు దగ్గరే నిలబడిపోయిన మా కొల్లేటి వాళ్లకి నమస్కారాలండీ. ఈ సాయంత్రం ఉద్యోగం విరమిస్తున్న మా చేపల ఆఫీసరు భాస్కరరావు గారి గురించి రెండు ముక్కలు చెప్పమన్నారు. నేను పైడిరాజునండీ, ఎనిమిదేళ్లుగా ఆయన పడవ నడిపినవాణ్ణి.

ఇంతసేపూ మాట్లాడిన పెద్దలంతా ఆయన కొల్లేటి లోతులు చూసిన మహానుభావుడన్నారు. ఎలా చూశారో నేను చెబుతాను. ఆయనకి ఈత రాదండీ. (నవ్వులు) అరచేతిలో ఇమిడే కెమెరా, దానికి వెడల్పుగా చూసే లెన్సు మద్రాసు నుంచి తెప్పించి, తాడేపల్లిగూడెంలో ఒక రేకుపనివాడి చేత అద్దం బిగించిన పెట్టె చేయించి, సందుల్లో సైకిలు ట్యూబు ముక్కలు కూరి, ఆయన పడవ అంచున బోర్లా పడుకుని తలా చేతులూ నీళ్లలో ముంచితే, వెనక రెండు కాళ్లూ పట్టుకుని కూర్చున్నది నేను. జిల్లాలో ఆఫీసర్ల కాళ్లు పట్టుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు గానీ, వదిలితే మునిగిపోతారని పట్టుకున్నది నేనొక్కణ్ణే. (నవ్వులు, చప్పట్లు)

మొదటి ఏడాది ఫోటోల నిండా బురద. రెండో ఏడాదీ బురదే, కాకపోతే ఒకదాన్లో ఆయన కళ్లజోడు మునిగిపోతూ కనిపించింది. అమ్మగారూ, అది బజార్లో పోయిందని చెప్పారు కదండీ మీతో? (నవ్వులు) నీళ్లు తేటపడే మాఘం దాకా ఆగండి బాబూ, వస్తువుకి మూరెడు దూరంలోకి వెళ్లి తీయండి బాబూ అని మేం చెబితే, దాన్నే తన పరిశోధన అని పైకి రాసి పంపించారు.

నిరుడు మాఘంలో, మా ఊరి కాలువ కొల్లేట్లో కలిసేచోట, ఒక బొమ్మ చక్కగా పడింది. మాకో కట్టుబాటుందండీ. చేపలకి అడ్డంగా వెదురు తడిక ఎవరు వేసినా దాని తల నీళ్లపైకి మూరెడు కనపడాలి. పడవలకి తగలకూడదు, పక్కవాడికి తెలియాలి. ఈ ఫోటోలో పైన నీళ్లు మెరుస్తున్నాయి, తడిక తల ఆ నీళ్లకి మూరెడు కింద ఉంది. బొమ్మ ఈ అంచు నుంచి ఆ అంచు దాకా వెదురే. రెండేళ్లు మా వలల్లో చేప పడకపోతే గంగమ్మ తల్లి కోపమనుకుని మేకల్ని కోశాం. సగం ఊరు వలలు అటకెక్కించి కోతలకి కూలికి పోయింది. ఆ తడిక అవతలి మడుగు వేలంలో పాడుకున్నవారెవరో... అధ్యక్షులవారు మంచినీళ్లు తాగుతున్నారు, కాస్త ఆగుతాను.

భాస్కరరావు గారు రిపోర్టులో దాన్ని నాచు అని రాశారు. వరసగా నిలబడి, తాటినారతో తనకి తానే ముళ్లేసుకునే నాచు! అంత క్రమశిక్షణ గల నాచుని ఆయన తప్ప ఎవరూ చూడలేదు. (వెనక వరసల్లో నవ్వులు)

అయినా ఆయన చెడ్డవారు కారండీ, భయస్థులు. ఫోటో కడిగించిన రోజున కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టి, "ఉంచుకో పైడిరాజూ, నా పేరు మాత్రం ఎక్కడా ఎత్తకు" అన్నారు. ఎత్తాను బాబూ, క్షమించండి. మీరంటే నాకు ఎంత ఇష్టమో ఆ నాచంటే అంత మంట.

రేపు పదింటికి ఆ తడిక మీద మేం పెట్టిన అర్జీకి విచారణ. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు తీశారో రాసి ఆఫీసరు సంతకం పెట్టనిదే ఈ ఫోటో చెల్లదన్నారు. రేపటికి మీరు ఆఫీసరు కారు. ఇప్పుడు నాలుగున్నరయింది, అయిదింటిదాకా మీరే మా ఆఫీసరు.

పెద్దలు శాలువాలు తెచ్చారు. మేం ఈ ఫోటో తెచ్చాం, వెనకవైపు ఖాళీగా ఉంది. కలంలో సిరా కూడా నింపే తెచ్చాం. ఎనిమిదేళ్లు పడవలో మిమ్మల్ని వదల్లేదు, ఇక్కడా వదలను.

ఇంతసేపు ఓపిక పట్టిన మీకందరికీ కృతజ్ఞుణ్ణి, అధ్యక్షులవారికి మరీను. బాబూ, జేబులు వెతుక్కోకండి. అదుగో, అమ్మగారే లేచి కళ్లజోడు అందిస్తున్నారు. సెలవు.