చిరుతపులి మెచ్చని ఫోటో

కమలాపురంలో ఎవరికి చూపించినా ఏసురాజు తీసిన ఫోటో బాగుందనే అన్నారు. అతని బాధంతా అదే.

ఏసురాజు మిషన్ బడిలో అయివారు. ఇంగ్లండుకు వెళ్లిపోతున్న మిషన్ డాక్టరమ్మ దగ్గర ఒక బాక్సు కెమెరా కొన్నాడు. మొదటి ఫిల్ములోనే భార్య కృపమణిని పాపాఘ్ని ఇసుకలో నిలబెట్టి ఫోటో దించాడు. కడప నుంచి అచ్చు వేసి వచ్చిన ఆ ఫోటోలో కృపమణి మొహం అట్లపెనం అడుగులా ఉంది. ఎక్కడో తేడా జరిగిందని అతనికీ తెలుసు. ఏం తేడానో చెప్పే మనిషే దొరకలేదు. హెడ్మాస్టరు బాగుందన్నాడు. పక్కింటి సుబ్బయ్య ఫోటోను అటూ ఇటూ తిప్పి, "ఏరు శానా బాగొచ్చిండాది" అన్నాడు. అయివారు మనసు కష్టపెట్టుకుంటాడని అందరికీ మొగమాటం.

కృపమణి మాత్రం మొగమాటపడలేదు. "ఇది మా అమ్మకు పంపితే అల్లుడు నన్ను ఎండలో పెట్టి మాడుస్తాండాడని ఏడుస్తాది. రేపు పొద్దున ఇంకొక్కసారి నిలబడతా. మల్లా ఇట్లనే వచ్చిందా, ఆ డబ్బా మొగం చూసేదే ల్యా" అని తేల్చి చెప్పేసింది.

అందుకే ఆ సాయంత్రం ఏసురాజు మాబు సాహెబును ఆశ్రయించాడు. మాబు సాహెబు దూదేకుల మనిషి. ఆ రోజు అయివారింట్లో పాత పరుపు విప్పి, దూది ఏకి, మళ్లీ కుట్టిపెట్టాడు. గడ్డం నిండా దూదిపోగులతో అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. పని ఉన్నంతసేపూ పనిమంతుడే గానీ, పని అయిపోయాక అతని నోటికి పగ్గం వేసేవాడు కడప జిల్లాలో లేడు. అయినా వయసులో ఉండగా ఒక సర్వే దొర దగ్గర పనిచేశాడు, కెమెరా అంటే ఏమిటో ఎరిగిన మనిషి ఊళ్లో అతనొక్కడే.

"మామా, మొగమాటం లేకుండా చెప్పు" అని ఏసురాజు ఫోటో చేతికిచ్చాడు.

మాబు సాహెబు దాన్ని దగ్గరగా చూశాడు, దూరంగా చూశాడు. గడప లోపల బియ్యం ఏరుతున్న కృపమణి వైపు ఒకసారి చూసి, ఫోటోను మోకాలి మీద బోర్లా పెట్టుకున్నాడు. అప్పటికే సుబ్బయ్య కూడా గోడ దాటి వచ్చి చతికిలబడ్డాడు.

"వంక చెప్పడమంటే అందరికీ చేతనయ్యే పని కాదు అయివారూ" అని మాబు సాహెబు ఎత్తుకున్నాడు. "ఓర్వకల్లు కాడ ఆ రాళ్లగుట్టలు ఉండాయి చూడు, మా దొర ఆడ గుడారం ఏసినాడు. ఒకనాడు నాకొక ఫోటో ఇచ్చి, మాబూ, ఎట్లుండాదో చెప్పు అనె. రాళ్ల ఫోటో. దొరా, రాళ్లు బాగుండాయి, కానీ నేల ఒక పక్కకు వాలిపోయిండాది, ఇట్లనే వదిలేస్తే నీ గుట్టలన్నీ దొర్లి కర్నూల్లో పడతాయి, డబ్బాను నేరుగా పట్టుకో అంటి. అంతే. ఇంకో మాట అనల్యా."

"దొర నిన్ను తెలుగులోనే అడిగెనా?" అన్నాడు సుబ్బయ్య.

"మెచ్చుకోవాలంటే ఇంగ్లీషు కావాలప్పా. వంకలు ఏ భాషలో చెప్పినా మనిషికి అర్థమైతాయి."

ఏసురాజు మెల్లగా చేయి చాపి, ఫోటోను తిప్పి చూసుకున్నాడు. పాపాఘ్ని ఎడమ పక్కకు ఒలికిపోతూ ఉంది. ఇన్నాళ్లూ అది తన కంటికి ఎందుకు కనపడలేదో అతనికి అర్థం కాలేదు. మనసు చివుక్కుమంది గానీ, చెప్పినవాడి మీద కోపం రాలేదు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? దొర నేరుగా పట్టుకోని ఇంకొకటి దించి పెద్దదొరకు చూపిచ్చినాడు. పెద్దదొర తను దించిన ఫోటో గూడా నాకు పంపె. అది చూసి నంద్యాల దొరలు, ఆదోని దొరలు, ఆ దొరల భార్యలు, అందరూ ఫోటోలు బండ్లకెత్తి తోలిరి. గుడారం ముందర బండ్ల వరస నిలబడితే, ఆ ఎద్దులకే ఓర్వకల్లు గడ్డంతా అయిపాయె. నేను ఒక్కొక్కటి చూడడం, బాగున్నది ముందు చెప్పడం, వంక ఒకటే చెప్పడం. రెండు చెప్తే మనిషి కుంగిపోతాడు. చెప్పినాక దాన్ని ఎట్ల సరిచేసుకోవల్లనో గూడా చెప్పి పంపిస్తి."

"ఈ పద్ధతి మా ఇంట్లో వచ్చి ఒకసారి చెప్పిపోప్పా" అన్నాడు సుబ్బయ్య దీనంగా.

"ఉండప్పా, చిరుత ఇంకా రానే ల్యా."

"చిరుతా?"

"గుట్ట మీద చిరుత కూచోనుంటే దొర దాన్ని దించె. దించినాడు గానీ ఫోటోలో నెత్తిన చెవులు రెండూ కోసేసె. ఆ పొద్దు మైటాల, సూర్యుడు వాలే ఏళకు, చిరుత నేరుగా గుడారానికే వచ్చె. దొర మంచం కింద దూరిపాయె. నేను దూది ఏకుతా కూచోనుంటి. చిరుత నా ఎదురుగా కూచోని, బల్ల మీదుండే ఫోటో చూసి, గుర్రుమని ఒక్క మాట అనె. నాకు అర్థమాయె. దొరా, చెవులు లేకుండా పటం తీస్తే ఎవురికైనా కోపం రాదా, నెత్తి పైన ఇంత జాగా ఇడిచి దించు, బయటికి రా అంటి."

ఏసురాజు మళ్లీ ఫోటో చూశాడు. కృపమణి కొప్పు, కొప్పులోని పూలు, సగం నుదురు, అన్నీ పై అంచులో కలిసిపోయి ఉన్నాయి. మాబు సాహెబు అతని వైపు చూడనే లేదు. టీ ఊదుకుంటున్నాడు.

"మల్ల దించినాడా?" అన్నాడు సుబ్బయ్య.

"ఊరికే దించేదెట్లప్పా? దాని ఒళ్లంతా పల్లేరుకాయలు. దూది ఏకే నా విల్లు తీసుకోని, ఏకితి చూడు చిరుతను, మెడ కాడ్నుంచి తోక దాకా! మన చేతి ఏకుడు సంగతి తెలుసు గదా, గుప్పెడు దూది గంపెడైతాది. అది ఉబ్బె, ఉబ్బె, ఏనుగంత ఆయె. డబ్బాలో పట్టల్యా. దొర ఎనక్కి పోతాండాడు, పోతాండాడు, నంద్యాల కాడికి పోతే గానీ తోక కనపడల్యా."

సుబ్బయ్య పొట్ట పట్టుకున్నాడు. లోపల చేటలో బియ్యం చప్పుడు ఆగిపోయింది.

"ఇంతలో ఇంకో చిక్కు వచ్చె. పొద్దు చిరుత ఎనకాల ఉండాది. మొగం చూస్తే బొగ్గు."

ఏసురాజు ముందుకు జరిగాడు. అతనికి కావలసింది ఇదే. రేపు కృపమణి నిలబడేది ఒక్కసారే. "ఏం చేస్తివి మామా? అది చెప్పు."

"లాంతరు పట్టుకోనుంటాడు" అన్నాడు సుబ్బయ్య.

"లాంతరా! నేనా! సూర్యునికే చెప్తి. సామీ, నీ ఎండ శానా బాగుండాది, దానికి వంక పెట్టేవాడు ల్యా. నువ్వు నిలబడిన తావే సరిగా ల్యా, కొంచెం ఇవతలికి రాగూడదా అంటి. పాపం, ఆయనకూ ఇన్నేండ్లల్లో ఎవురూ చెప్పినట్టు ల్యా. కొంచేపు ఆలోచన చేసి, పడమటి దిక్కు నుంచి మా నెత్తిమీదుగా తూరుపుకు వచ్చేసె! కోళ్లు కూసె. ఓర్వకల్లు ఆడోళ్లు లేచి రెండోసారి కల్లాపి చల్లిరి. సద్ది తిన్నోళ్లు మల్ల సద్ది తినిరి. దొర టక్కున మీట నొక్కె. మీసం మీసం లెక్కబెట్టుకోవచ్చప్పా, అట్ల వచ్చె! చిరుత చూసుకోని, నాకొక దండం పెట్టి పాయె."

సుబ్బయ్య కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. ఏసురాజుకు మాత్రం ఉసూరుమనిపించింది. ఏరు నేరుగా పట్టుకోగలడు, నెత్తి మీద జాగా వదలగలడు. సూర్యుణ్ణి ఎలా పిలవగలడు?

కృపమణి చేట పక్కన పెట్టి గడపలోకి వచ్చింది.

"మాబు మామా, ఒక మాట అడుగుతా, ఏమనుకోవద్దు. అంత పెద్ద సూర్యుణ్ణి అంత దూరం నడిపిస్తివి గదా. ఆ డబ్బా పట్టుకున్న దొరే లేచి చిరుతకు అవతలి పక్కకు పోయి, దాన్ని ఇటు తిరగమనింటే సరిపోయేది గదా?"

మాబు సాహెబు నోరు తెరిచాడు. గడ్డంలోని దూదిపోగు ఒకటి తీసి, దాన్నే చాలాసేపు చూశాడు. సుబ్బయ్య నవ్వడం కూడా మరిచిపోయాడు. మాబు సాహెబు నోట మాట పడిపోవడం ఆ అరుగు మీద అతను ఎన్నడూ చూడలేదు.

"ఏట్లో నిలబడిన పొద్దు నా వీపు కాలిపోయె" అంది కృపమణి, ఈసారి మొగుడి వైపు తిరిగి. "మొగాన చెమట గూడా పట్టల్యా."

ఏసురాజుకు సిగ్గూ సంతోషమూ రెండూ ఒక్కసారే కలిగాయి. "అది తెలిసి గూడా ఇన్నాళ్లూ చెప్పకపోతివే?"

"ఊరందర్నీ అడిగితిరి" అంది ఆమె. "ఫోటోలో ఉండేదాన్ని, నన్ను అడిగితిరా?"

ఏసురాజు అరుగు మీద పక్కకు జరిగి, ఫోటోను ఆమె చేతికిచ్చాడు. "ఇంకా ఏమేం ఉండాయో చెప్పు" అన్నాడు.