తూర్పుగాలి కోసం

బుల్లబ్బాయని ఒకడుండేవోడంట. పేరుకే బుల్లబ్బాయి, మీసాలొచ్చేసినయ్. గంగరాజుకీ అచ్చాయమ్మకీ ఒక్కగానొక్క కొడుకు. తండ్రి పొలం బయల్దేరినప్పుడల్లా "రారా, నాలుగు పనులు చూద్దూగాని" అనేవోడు, తల్లేమో అడ్డం పడిపోయేదంట. ఎండకి కందిపోతాడయ్యా, పసోడు. నాట్లకొద్దు, కాళ్ళు పాసిపోతాయ్, పసోడు. కోతలకొద్దు, కొడవలికి చెయ్యి తెగుద్ది, పసోడు. తిండి మట్టుకు పసోడి తిండి కాదనుకో, ఇద్దరు పాలేర్ల తిండి!

అలా ఉండగా ఏమైందంటే, దాళవా పంట కోతలయ్యి, నూర్పిడి కూడా అయిపోయి, ధాన్యం కళ్ళంలో రాశి పోసున్నప్పుడు గంగరాజుకి చలిజ్వరం తగులుకుంది. ఏడాది తిండి మొత్తం ఆ రాశే. తాలూ పొట్టూ ఎగరబోసి, బస్తాలకెత్తి ఇంటికి తెచ్చుకోవాలి. ఈలోగా వానొచ్చిందా, అంతే సంగతులు. మూలుగుతానే కొడుకుని పిలిచి "ఒరే, గాలి బాగుంది, పోయి తూర్పారబట్టరా" అన్నాడంట. ఎలా నాన్నా అని అడగొచ్చుగా? అడగడు. మీసాలున్నోడికి నామోషీ గదా! చేట పట్టుకుని పోయాడు.

కళ్ళంలో పడమటిగాలి రయ్యిన కొడతంది. పక్క కళ్ళంలో లోవని ఒక పిల్ల, పద్నాలుగేళ్ళుంటాయేమో, బల్లెక్కి చేట ఎత్తి ధాన్యం జారవిడుస్తంటే పొట్టంతా ఎగిరి అటు పోతంది, గింజలు కింద రాలతన్నాయ్. మనోడు కళ్ళారా చూశాడు. చూసి ఏమనుకున్నాడంట? తూర్పార అన్నాక తూర్పుగాలికే గదా పట్టాలి, పిచ్చిమొహంది పడమటిగాలికి పడతంది అనుకుని నవ్వుకున్నాడంట! నవ్వుకుని, చేట తలకింద పెట్టుకుని పాక నీడన పడుకున్నాడు. "ఏం బావా, పడుకున్నావ్?" అంది లోవ. "తూర్పుగాలి రానీవే" అన్నాడు. పరాచికాలనుకుని ఆ పిల్ల "వచ్చాక నాకూ కబురెట్టు బావా" అనేసి, పని ముగించుకుని, ధాన్యం బండికెత్తించుకుని ఇంటికి పోయింది.

పొద్దు వాలింది. తూర్పుగాలి వచ్చిందండోయ్! వానని వెంటేసుకుని మరీ వచ్చింది. గోనెపట్టా కప్పొచ్చుగదా అంటారా? కప్పాడమ్మా, తన నెత్తిమీద. కప్పుకుని ఇంటికి ఒకటే పరుగు. "అయ్యో నా తండ్రీ, తడిసిపోయావా" అని అచ్చాయమ్మ వాడి తల తుడిచిందంట. కళ్ళంలో రాశిని తుడిచేదెవరు?

ముసురు పట్టి, అది వదిలేసరికి రాశంతా తెల్లగా మొలకలు. అచ్చాయమ్మ ఏమందో తెలుసా? "చూశారా, మావోడు చెయ్యెట్టకుండానే మొలిచింది, చెయ్యెట్టుంటే ఇంకెంత పండేదో!" అంది. అప్పుడు లేచాడు గంగరాజు. జ్వరం లేదు గిరం లేదు. తల్లినీ కొడుకునీ వీధిలో నిలబెట్టి తూర్పారబట్టాడు చూడు! దానికి తూర్పుగాలీ అక్కర్లేదు, పడమటిగాలీ అక్కర్లేదు. ఏడాదంతా ఆ ముక్కిపోయిన బియ్యమే తిన్నారంట, ఏడుస్తా.

అదీ సంగతి. ఏమే రత్తమ్మా, రేపు మీ కళ్ళం గదా? మీవోడేడి, కనపడ్డే? పడుకున్నాడా? లేపకే తల్లీ, పసోడు.