సౌమ్యకు అమ్మ పోసింది

మల్లాపూర్ దగ్గర ఒక ఊరు. నాట్లు అయిపోయిన వారం. ముసలి నర్సవ్వ తన గడపలో కూర్చుంది. పక్కింటి ఎల్లేశం వాకిట్లోకి వచ్చాడు. వెనక బజారులో కట్టెలు పట్టుకున్న పోరలు.

"ఆడనే ఆగు, ఎల్లేశం! గడప దాటకు. వేపమండలు కండ్లవడ్తలేవా?"

"ఎవలకయింది, వదినె?"

"నా మనుమరాలికి. సౌమ్యకు అమ్మ పోసింది. ఒళ్లంత పొక్కులే."

"సౌమ్యకా? పొద్దుగాల కోరుట్ల బస్సెక్కింది గదా. చెయ్యెత్తి బస్సాపింది నేనే."

"ఎక్కింది... ఎక్కి, జ్వరమచ్చి దిగింది. ఆటోల అచ్చింది."

"మరి లోపల గా దగ్గేంది? మొగోని దగ్గు లెక్కుంది."

"గొంతు బొంగురువోయింది. నువ్వు గింత ఆరా తీస్తున్నవేంది? పోరల చేతులల్ల గా కట్టెలేంది?"

"బంగాల్‌కెల్లి నాట్లెయ్య అచ్చినోళ్ల కోసం. బంగ్లాదేశోళ్లట గాళ్లు. ఫోన్ల వీడియో అచ్చింది."

"ఫోనుకేం తెలుసు?"

"మాట్లాడేది బంగ్లానే గదా, వదినె."

"బంగాలోడు బంగ్లా మాట్లాడక నీ లెక్క తెలుగు మాట్లాడ్తడా? పొద్దుగాల ఆధార్ కార్డులు చూపెట్టిండ్రు గదా."

"నకిలీయి అంటుండ్రు."

"నీ రెండెకరాలు నాటేసిందెవలు? గప్పుడు అసలోళ్లేనా?"

"గప్పుడు నాట్లుండె."

"అవు. ఇప్పుడయిపోయినయి. మస్కట్ల ఉన్న నీ కొడుకు జలపతికి కాయితాలున్నయా?"

"పాసుపోర్టు సేటు దగ్గరుంది. గా ముచ్చటెందుకిప్పుడు?"

"ఉత్తగనే అడిగిన."

"జరుగు, వదినె. లోపల చూడాలె. పోరలు నన్నే చూస్తుండ్రు."

"జరగ. అమ్మ పోసిన ఇంట్లకు చెప్పులతోటి అస్తవా? అద్దు ఎల్లేశం, అద్దు. నీ కాల్మొక్కుత."

"నీ కొంగు గట్ల చినిగిందేంది?"

"పాత చీర."

"ఓ సురేందర్! ఈడ అమ్మ పోసింది, ఎవ్వలు రాకుండ్రి! నేను చూసిన, పిల్లనే పండుకుంది. మీరు కాలువ దిక్కు ఉరుకుండ్రి! ఉరుకుండ్రి!"

"పోయిండ్రా?"

"మలుపు తిరిగిండ్రు. లోపల ఎంతమందున్నరు?"

"ఎవ్వలు లేరు."

"వదినె."

"ఎవ్వలు లేరంటున్న గదా!"

"వదినె..."

"ఒక్కడే. ఒక్కడే ఉన్నడు. నెత్తి పలిగింది, చీర చింపి కట్టిన. నన్నేమన్న చెయ్యి, ఎల్లేశం, ఆన్ని మాత్రం..."

"మెల్లగ మాట్లాడు. మా కొట్టంల ఇద్దరున్నరు. నా పెండ్లాం దేవవ్వకు అబద్ధమాడ రాదు. జెర నువ్వచ్చి మా గడపల కూసుంటవా?"