చంపి పెట్టిన జన్యువు

ల్యాబులో ఒకే బల్లకి అటు చెల్లెలు, ఇటు అక్క. చెల్లెలికి పొద్దుటి నుంచీ కాలు నేల మీద నిలవడం లేదు. అక్కకి కడుపు మండిపోతోంది.

“ఎన్నన్నావ్?”

“రెండొందల పదకొండు అక్కా! ఒక్క ప్లేటులో!”

“నీలం మచ్చలే?”

“నీలం కాక మరేంటి? ఎన్నిసార్లు అడుగుతావ్?”

“సరిగ్గా లెక్కపెట్టావా అని.”

“రెండుసార్లు పెట్టా. అమ్మక్కూడా చెప్పేశా.”

“అప్పుడేనా! అమ్మకేం అర్థమైంది?”

“విడమరిచి చెప్పాగా. నా ప్లాస్మిడ్‌లో, అంటే చిన్న డీఎన్ఏ ఉంగరంలో, ట్రాన్స్‌పోజేజ్ అనే జన్యువు బతికుంది, అది డీఎన్ఏ ముక్కని ఒకచోట కత్తిరించి ఇంకోచోట అతికిస్తుంది, అతికినప్పుడల్లా ప్లేటులోని కణాల్లో నీలం మచ్చ పడుతుంది అని.”

“మరి నా ప్లాస్మిడ్ గురించి?”

“అందులోనూ అదే జన్యువు, కాకపోతే చంపి పెట్టాం, మచ్చ పడకపోవడమే దాని పని, దాని పక్కన పెట్టి చూపిస్తేనే నాది నమ్ముతారు అని.”

“అమ్మేమంది?”

“ఏమంటుంది…”

“చెప్పవే.”

“‘పాపం పెద్దది’ అంది.”

“అంటుంది. చిన్నప్పట్నుంచీ అంతేగా. పాటలో నువ్వు, పరుగులో నువ్వు. నేనేమో నీతో పోల్చి చూసుకోడానికి. డీఎన్ఏలో ఒక్క అక్షరం మార్చి ఆ జన్యువు పీక నొక్కడానికి నాకు ఆర్నెల్లు పట్టింది, ఎవరైనా అడిగారా?”

“అబ్బా, మొదలెట్టకు. సార్ ఏమన్నారో తెలుసా? ఉద్యోగం నాకేనట! సాయంత్రం అందరి ముందూ నా లెక్కలు చూపిస్తారట.”

“ఉన్నది ఒక్కటే ఉద్యోగం.”

“ఏడుపా?”

“ఏడుపే. ఒళ్ళంతా భగ్గుమంటోంది, చాలా? ఏదీ, ప్లేటు చూపించు.”

“పారేశా.”

“ఏంటీ?”

“బ్లీచులో ముంచేశా. బూజు పట్టేలా ఉంటేనూ…”

“ఫోటో?”

“తీద్దామనే అనుకున్నా… లెక్క రాసుకున్నాగా! అది చాలదా?”

“సోమవారం ఫ్రీజర్లోంచి తీసిన ప్లాస్మిడ్ గొట్టమేగా వాడింది? నీ పేరున్నది?”

“అదే. ఏం?”

“ఇంకే గొట్టమూ తియ్యలేదుగా?”

“లేదు.”

“ఒట్టు?”

“ఒట్టు! ఎందుకు తీస్తా? నా దగ్గరున్నదే అదొక్కటి. ఏంటక్కా ఈ పోలీసు ప్రశ్నలు? ‘నిన్ను చూసి ఓర్చుకోలేకపోతున్నా’ అని నేరుగా చెప్పొచ్చుగా.”

“ఓర్చుకోలేకే చేశా.”

“ఏం చేశావ్?”

“సార్‌తో చెప్తే నన్నూ ల్యాబులోంచి గెంటేస్తారు. నీకైతే చెప్తున్నా.”

“ఏం చేశావక్కా?”

“ఆదివారం ఎవరూ లేనప్పుడొచ్చి నీ గొట్టంలోది పారబోసి, నాది పోశా. నువ్వు వాడింది చచ్చిన జన్యువు. ఇప్పుడు నువ్వు చెప్పవే, ఆ మచ్చలు ఎక్కడివి?”